గొలుసు తెగిన చెరువులం కావొద్దు!

చెరువుకో సంఘం, గుట్టకో కమిటీ, అడవికో జేఏసీ.. సరే. వీళ్లందరినీ కలిపే తొవ్వ ఏది?

చెరువు ఒంటరిగా బతకదు. పై చెరువు నిండి మత్తడి దుంకితేనే కింది చెరువులోకి నీళ్లు. అది నిండితే దాని కింది కుంటకు. గుట్ట పాదం నుంచి ఏటి ఒడ్డు దాకా దండ గుచ్చినట్టు చెరువులు కట్టుకున్న నేల ఇది. పై ఊరి కట్ట తెగితే కింది ఊరు మునుగుతుంది. పై ఊరోళ్లు మత్తడి ఎత్తు పెంచుకుంటే కింది ఊరు ఎండుతుంది. తూము దగ్గర నిలబడ్డ నీరటికి ఈ లెక్క ఏ ఇంజనీరూ చెప్పలేదు. తాతల నాటి నుంచి ఈ నేల పాటించిన నీతి ఒక్కటే. నీళ్లు నీ ఊర్లో ఉండొచ్చు గానీ నీ ఒక్కనివి కావు.

మిషన్ కాకతీయ కోసం సర్కారు లెక్కపెడితే తెలంగాణలో తేలిన చెరువులు, కుంటలు 46,531. వీటిల్లో ఏ ఒక్కటీ విడిగా పుట్టలేదు. మరి ఈ చెరువుల కోసం, వాటికి నీళ్లిచ్చే అడవుల కోసం, గుట్టల కోసం కొట్లాడుతున్న సంఘాల సంగతేంది? అవి మాత్రం దేనికదే. ఒక కాలనీ సంఘం తన చెరువులో గుర్రపుడెక్క తీసేయించడానికి జీహెచ్‌ఎంసీ చుట్టూ తిరుగుతుంది. ఆ చెరువులోకి మురుగు వదిలే పై చెరువు కాడి సంఘం ఎవరో దానికి తెలియదు. ఒక ఊరు క్వారీ పేలుళ్ల మీద ధర్నా చేస్తుంది. పక్క మండలంలో అదే కంపెనీ మీద ధర్నా చేస్తున్న ఊరితో దానికి ముచ్చటే లేదు. చెరువుల గొలుసును కబ్జాదారు తెంపిండు, నిజమే. పోరాటాల గొలుసును తెంపింది ఎవరు? దాన్ని అతికించాల్సింది ఎవరు? ఈ వారం మేం అడుగుతున్నది ఈ ప్రశ్నే.

ఒక్క మూసీ, ఎన్ని ముక్కలు?

మూసీనే చూద్దాం. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఏరు ఒక్కటే. దాని వెంట జరిగే కొట్లాటలు మాత్రం అరడజను.

ఎగువన దామగుండం. నౌకాదళం రాడార్ కేంద్రం కోసం పూడూరు మండలంలోని 2,900 ఎకరాల అడవిని అప్పగించారు. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి వచ్చి శంకుస్థాపన చేసి పోయారు. ఆ అడవి కోసం స్థానికులు 2020 నాడే హైకోర్టు మెట్లెక్కారు. నాలుగేండ్లు గడిచి, శంకుస్థాపన తేదీ ఖరారయ్యాక గానీ నగరం తలతిప్పి చూడలేదు. తాము తాగిన నీళ్లు ఆ గుట్టల మీంచి దిగినవేనన్న సోయి నగరానికి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

కొంచెం దిగువకు రండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేల మందిని మింగిన తర్వాత, మళ్లీ ఆ గోస రావద్దని కట్టుకున్న జలాశయాలు ఇవి. వీటిని కాపాడడానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు, కాలుష్య పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు. ఆ పరిధిలో ఒక నూనెల కంపెనీ పెట్టబోతే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పు, 2000 డిసెంబర్‌లో వచ్చిన తుది తీర్పు దేశమంతా చదువుకునే తీర్పులయ్యాయి. హాని జరిగిందని రుజువయ్యేదాకా ఆగొద్దు, హాని జరగదని రుజువు చేసే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేటోడిదే అని అందులోని సారం. అంత గొప్ప తీర్పు చేతిలో ఉండి ఏమైంది? 2022 ఏప్రిల్‌లో 69 జీవో తెచ్చి ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. 2023 మే నెలలో మొత్తానికే రద్దు చేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. కోర్టులో గెలిచిన కొద్దిమంది వెనక ఊర్లు లేకుంటే, ఒక్క సంతకం చాలు ఆ గెలుపును తుడిచేయడానికి.

ఇంకొంచెం దిగండి. నగరం. 2024లో నదీతీర అభివృద్ధి పేరు మీద మూసీ ఒడ్డు బస్తీల ఇండ్ల గోడలకు ఆర్‌బీ-ఎక్స్ అని ఎర్రరంగు పూసి పోయారు. కూలి చేసి కట్టుకున్న రేకుల ఇండ్లోళ్లు గోడల మీది ఆ గుర్తు చూసి గుండెలు బాదుకున్నారు. ఆ నది పాడయ్యింది వాళ్ల వల్లనా? కార్ఖానాల రసాయనాలు, కోటి జనాభా మురుగు కలిపినోళ్లెవరు, గోడకు రంగు పడ్డోళ్లెవరు?

చివరికి నల్లగొండ, యాదాద్రి, సూర్యాపేట. కత్వల మీద, పిల్లాయిపల్లి కాలువ మీద, మూసీ ప్రాజెక్టు మీద బతికే రైతుకు అందేది నగరం వదిలిన నురగ నీళ్లే. ఆ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నాటేసే ఆడకూలీల కాళ్లు చూసినోళ్లకు వేరే నివేదిక అక్కర్లేదు.

అడవి కోసం కొట్లాడేటోళ్లు, జలాశయాల కోసం కేసులేసేటోళ్లు, ఇండ్లు పోయేటోళ్లు, పంట పాడయ్యేటోళ్లు. నలుగురిదీ ఒకే ఏరు. నలుగురూ ఒక్క చెట్టు కింద కూసుంటే సర్కారు ఏ ముక్కకు ఆ ముక్క ఎట్ల కోయగలుగుతుంది? కూసోలేదు కాబట్టే ఎగువన అడవిని కొట్టే సర్కారు, దిగువన నదిని బాగు చేస్తున్నానని చెప్పుకోగలుగుతున్నది. ఈ రెండు మాటలనూ ఒకే సభలో పక్కపక్కన పెట్టి నిలదీసే గొంతు లేదు.

వాళ్లకు గొలుసుంది

మన దగ్గర లేని ఐక్యత అవతలి దిక్కు ఉంది. రియల్ ఎస్టేట్ దళారికి రెవెన్యూ ఆఫీసులో మనిషి ఉంటడు, లేఅవుట్ పాస్ చేసే కాడ మనిషి ఉంటడు, పార్టీ ఆఫీసులో మనిషి ఉంటడు. ఏ శిఖం భూమి ఎప్పుడు పట్టా అవుతుందో, ఏ రోడ్డు ఏ తొవ్వన పోతుందో వానికి ముందే ఎరుక. మనకు మాత్రం ప్రొక్లెయినర్ గుట్ట మీదికి ఎక్కినంక తెలుస్తుంది.

మరి చెరువును కాపాడాల్సిన సర్కారీ శాఖలు? కట్ట, తూము నీటిపారుదల శాఖవి. శిఖం భూమి రెవెన్యూది. చేపలు మత్స్య శాఖవి. పక్కన లేఅవుట్ హెచ్‌ఎండీఏది. అందులోకి వచ్చే మురుగు జలమండలిది. నీళ్ల రంగు మారితే పీసీబీది. చెరువు ఒక్కటే, దాని మీద పెత్తనాలు ఆరు. అర్జీ పట్టుకొని పోయిన మనిషిని ఒక కిటికీ ఇంకో కిటికీకి తోలుతుంది. 2024 జూలైలో హైడ్రా వచ్చింది. బుల్డోజర్లు కదిలాయి, టీవీల్లో దుమ్ము లేచింది. దాని హద్దు ఔటర్ రింగు రోడ్డు దాకనే. నీళ్లకు ఆ హద్దు తెలుసా? రింగు రోడ్డు అవతల పూడ్చిన వాగు ఇవతల చెరువును ఎండబెట్టదా? శంకర్‌పల్లి దిక్కు నుంచి హుస్సేన్‌సాగర్‌కు నీళ్లు తెచ్చిన బుల్కాపూర్ నాలా ఏమైందో చూస్తే చాలు. 1562లో కట్టిన చెరువు నిలిచే ఉంది. దానికి నీళ్లు తెచ్చే తొవ్వ కాలనీల కింద పడి నలిగిపోయింది.

ఆ నలిగిన తొవ్వలే 2020 అక్టోబర్‌లో లెక్క అడిగాయి. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీల మీద పడ్డాయి. గొలుసు గురించి పట్టించుకోని నగరానికి గొలుసు తనంతట తానే పాఠం చెప్పింది. పాఠం నేర్చుకున్నామా? వరద తీసినంక మళ్లీ ఎవరి చెరువు వాళ్లదే అయింది.

పటాన్‌చెరు ముచ్చట ఇంకా పాతది. డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటి వాళ్లు 1980ల నుంచి ఊర్లను కూడగట్టి కొట్లాడిన నేల అది. కార్ఖానాల విషం నక్కవాగులో పడి, నక్కవాగు మంజీరలో పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అచ్చు వేసిన అధ్యయనంలో అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. శుద్ధి చేసినంక మాట ఇది! ప్రపంచమంతా నివ్వెరపోయి చదివిన ఈ సంగతి, ఫార్మా భూసేకరణ మీద లొల్లి మొదలైన ఊర్లకు ఎవరు చేరవేశారు? పటాన్‌చెరు ముసలి రైతు ఒక్కడు వచ్చి ముచ్చర్ల రైతుతో కూసొని తన బాయి నీళ్ల కథ చెప్తే, అది వంద కరపత్రాల పెట్టు. ఆ ఇద్దరినీ కలిపే మనిషి లేడు. మేం వేదిక కావాలంటున్నది ఆ కలిపే పని కోసమే.

కలిసిన కాడ గెలిచినం

కలిస్తే ఏమొస్తది అని పెదవి విరిచేటోళ్లకు మూడు ముచ్చట్లు.

మొదటిది 1996. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన నల్లగొండ జనం జల సాధన సమితి పిలుపు మీద లోక్‌సభ ఎన్నికల్లో గుంపుగా నామినేషన్లు వేశారు. బరిలో నిలిచిన అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది. ఎన్నికే వాయిదా పడ్డది. అంతకుముందు ఎన్ని అర్జీలు పెట్టినా ఢిల్లీకి వినపడని గోస, వందల ఊర్లు ఒక్కటై ఒక్క పని చేస్తే దేశమంతా వినపడ్డది.

రెండోది 2019. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిమిట్ల 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం సర్వేకు కేంద్ర అటవీ సలహా కమిటీ తల ఊపింది. వేల బోర్లు వేసే పథకం అది. చెంచు పెంటలు, అమ్రాబాద్, మన్ననూరు జనం, విద్యార్థులు, కవులు, డాక్టర్లు, సినిమావాళ్లు, అన్ని పార్టీలోళ్లు ఒక్క మాట మీదికొచ్చారు. 2019 సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేయక తప్పలేదు. పోరాటం నల్లమల దాటి హైదరాబాద్ చేరడం వల్లనే ఆ తీర్మానం వచ్చింది. 2003లో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనుల మీద బహిరంగ విచారణలో లేచిన గొంతులు వేసిన విత్తనం కూడా అందులో ఉంది.

మూడోది 2025. కంచ గచ్చిబౌలి. మార్చి 30, ఉగాది నాడు 400 ఎకరాల మీదికి యంత్రాలు దిగాయి. రాత్రి లైట్ల వెలుతురులో చెట్లు కూలుతుంటే నెమళ్లు అరిచిన అరుపు దేశమంతా విన్నది. యూనివర్సిటీ విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలిచారు, పర్యావరణ సంస్థలు హైకోర్టుకు పోయాయి, నగరం రోడ్డెక్కింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా పనులు ఆపేయించింది. అయినా అప్పటికే దాదాపు వంద ఎకరాలు నేలమట్టం. నాలుగు రోజుల ముందు కదిలే కాపలా ఉంటే ఆ వంద ఎకరాలు ఉండేవి. గెలిచినం, నిజమే. ఆలస్యంగా గెలిచినం. ఈ ఆలస్యం ఖరీదు చెట్లు కట్టాయి.

ఈ మూడింట్లో ఉన్న బలహీనత కూడా చెప్పుకోవాలె. మంట లేచినప్పుడు కలిసినం, మంట చల్లారంగనే ఎవరింటికి వాళ్లం పోయినం. నల్లమల కోసం కలిసిన వందల సంఘాలు 2019 తర్వాత ఒక్క గొడుగు కింద నిలిచి ఉంటే దామగుండం ఒంటరి అయ్యేదా?

చెట్లా, ప్రాణాలా?

కలవడమంటే ప్రెస్‌క్లబ్బులో రౌండ్ టేబుల్ పెట్టుకొని, చాయ్ తాగి, నాలుగు తీర్మానాలు చదివి పోవుడు కాదు. జనం అడిగే కష్టమైన ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలె.

చేవెళ్ల తొవ్వ సంగతి తీసుకోండి. హైదరాబాద్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు ఇరువైపులా తొమ్మిది వందలకు పైగా ఊడల మర్రులు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌లో ఏండ్ల తరబడి కొట్లాడారు. 2025 నవంబర్ 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ రోజు జనం కోపం చెట్ల కోసం కేసు వేసినోళ్ల మీదికి మళ్లింది. చెట్లు కావాలా, ప్రాణాలు కావాలా అని అడిగారు.

ఆ కోపాన్ని మేం తేలిగ్గా తీసుకోము. తాండూరు, వికారాబాద్, చేవెళ్ల జనం రోజూ ఆ ఇరుకు తొవ్వన పాణాలు అరచేత పట్టుకొని పోతున్నరు. వాళ్ల బాధకు విలువ ఇయ్యని పర్యావరణం ఎవరికీ అక్కర్లేదు. కానీ ఈ ప్రశ్న తయారు చేసినోళ్లను కూడా అడగాలె. నెత్తి మీద లోడుతో టిప్పర్లు ఉరుకుతుంటే ఆపొద్దని చెప్పింది మర్రిచెట్టా? వేగానికి కళ్లెం వేయొద్దని, గుంతలు పూడ్చొద్దని చెప్పింది మర్రిచెట్టా? చెట్టు వరుసను నడుమ ఉంచి పక్కనుంచి ఇంకో రోడ్డు వేసే లెక్క మొదటి రోజే గీయనిది ఎవరు?

ఈ జవాబు చేవెళ్ల చౌరస్తాలో, చేవెళ్ల మాటలో, చేవెళ్ల మనుషులే చెప్పాలె. నగరం నుంచి కారేసుకొని పోయి చెట్టుకు రాఖీ కట్టి ఫొటో దిగి వచ్చేటోళ్లు చెప్తే ఎవరూ వినరు. రోడ్డు భద్రత కమిటీ, చెట్ల కమిటీ ఒక్కటే అయి, మాకు చెట్లూ కావాలె, పాణాలూ కావాలె అని అడిగిన రోజు సర్కారుకు తప్పించుకునే సందు దొరకదు.

111 జీవో కాడ జరిగిందీ ఇదే. ఆ 84 గ్రామాల రైతు ఏమన్నడు? నగరం తాగే నీళ్ల కోసం మా భూమి ధర పడగొట్టిండ్రు, మాకు దక్కిందేంది అన్నడు. పక్కనే పెద్దోళ్ల ఫాంహౌజులు లేచినప్పుడు ఏ జీవో అడ్డురాలేదు కదా అన్నడు. న్యాయమైన మాట. నీళ్లు కాపాడే ఊరికి నీళ్లు తాగే నగరం బదులు చెల్లించాలె, నీటి బిల్లులోంచి ఆ ఊర్లకు వాటా పోవాలె అని నగర సంఘాలు గట్టిగా అడిగి ఉంటే, ఆ రైతు జీవో రద్దు కావాలన్న సభలకు ఎందుకు పోతడు?

అడవి బిడ్డ లేని అడవి రక్షణా?

ఉత్తరాన ఇంకో పాఠం. కవ్వాల్ నుంచి మహారాష్ట్ర తాడోబా దాకా పులి నడిచే తొవ్వ ఉంది. దాన్ని కాపాడుతామని 2025 మే 30న సర్కారు 49 జీవో తెచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో 1,492 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను కన్జర్వేషన్ రిజర్వ్ అన్నది. దానికి కుమ్రం భీం పేరే పెట్టింది. జల్, జంగల్, జమీన్ అని కొట్లాడి 1940లో జోడేఘాట్ కాడ నేలకొరిగిన మనిషి పేరు పెట్టి, ఆయన మనుమల ఊర్లకు ఒక్క మాట చెప్పలేదు. ఆదివాసీలు బంద్‌లు చేశారు. జూలై 21న జీవోను నిలిపివేశారు.

పులి పక్షాన మాట్లాడే మిత్రులు కొందరు ఆ రోజు తల పట్టుకున్నారు. మేం అడిగేది, ఈ జీవో కాగితం రాసేముందు గూడేల్లో పటేళ్లతో కూసున్నదెవరు? కన్జర్వేషన్ రిజర్వ్ పెట్టే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి చట్టంలోని 36ఏ సెక్షనే చెప్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభ చేతిలోనే పెట్టింది. పట్టాలు ఇయ్యకుండా, ఊరిని అడగకుండా పులికి గీత గీస్తే ఆ గీతను పులి ఒక్కటే కాపాడుకోవాలె. అది కాపాడుకోలేదు. పోడు రైతుకు హక్కు ఇప్పించే సంఘం, పులుల లెక్క రాసే సంఘం వేర్వేరు సభల్లో ఒకరినొకరు తిట్టుకుంటుంటే నడిమిట్ల గని తవ్వేటోడు నవ్వుకుంటడు.

పక్క రాష్ట్రాల అనుభవమూ ఇదే. 1987 నవంబర్‌లో పడమటి కనుమల వెంట ఒక గుంపు కన్యాకుమారి నుంచి, ఇంకో గుంపు మహారాష్ట్రలోని నవాపూర్ నుంచి నడక మొదలుపెట్టి, దాదాపు వంద రోజుల తర్వాత గోవాలో కలుసుకున్నాయి. తొవ్వ పొడుగునా ఉన్న చిన్న చిన్న సంఘాలు మొదటిసారి ఒకరి మొఖం ఒకరు చూసుకున్నాయి. కనుమలన్నీ ఒక్కటే అన్న మాట దేశానికి అట్లా చేరింది. 2010లో మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన కేంద్రం కమిటీ వేసింది. ఆ కమిటీ నివేదికేమో గ్రామసభలే తేల్చుకోవాలన్నది. ఆ మాట ఊర్లకు చేరేలోపే పుకార్లు చేరాయి, 2013లో కేరళ కొండల రైతులు రోడ్డెక్కారు. నడిచినప్పుడు కలిసిన ఊర్లు రాసినప్పుడు కలవలేదు. మనం ఈ రెండు సగాలూ గుర్తుపెట్టుకోవాలె.

ఏం చెయ్యాలె?

తిట్టి ఊకుంటే పత్రిక పని అయిపోదు. మేం అడుగుతున్న ఉమ్మడి వేదిక ఇట్లుండాలె.

ఒకటి, జిల్లాల లెక్కన కాదు, నీళ్ల లెక్కన కూడాలె. 33 జిల్లాలు మనిషి గీసిన గీతలు. మూసీ వాళ్లంతా ఒక కూటమి, మంజీర వాళ్లంతా ఒక కూటమి, ప్రాణహిత, కడెం, డిండి అట్లనే. ఎగువ ఊరు, దిగువ ఊరు ఒకే గదిలో కూసుంటే సగం సమస్య అక్కడే తేలుతుంది. నగరంలో 1996 నుంచి రాళ్ల కోసం పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ లాంటి పాత సంస్థలు, చెరువు కట్ట మీద నిన్న పుట్టిన కాలనీ సంఘాలు, ఊరి యువజన సంఘాలు అన్నీ ఏదో ఒక వాగు కిందికి వస్తాయి. 250 కోట్ల ఏండ్ల నాటి బండ మీద పడ్డ వాన కూడా ఏదో ఒక చెరువుకే కదా దిగేది.

రెండు, ఒక కాపలా కావాలె. చెరువు హద్దుల ముసాయిదా, అడవి మళ్లింపు ప్రతిపాదన, బహిరంగ విచారణ నోటీసు, ఇవన్నీ ఏదో మూల ఇంగ్లీషులో అచ్చవుతాయి. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు 30 రోజుల గడువు ఉండాలె. ఆ 30 రోజుల్లో మొదటి రోజే ఆ కాగితాన్ని తెలుగు చేసి, ఆ ఊరికి మోసుకుపోయే పదిమంది కావాలె. మన చదువుకున్న పిల్లలు ఈ పని చేయలేరా?

మూడు, ఊరి పెత్తనం. ముదిరాజ్, గంగపుత్ర మత్స్య సంఘాలు, చెంచు, గోండు, కోలాం గూడేలు, గొర్రెల కాపర్లు, పస్తాపూర్ దిక్కు పాత విత్తనాలు కాపాడుకుంటున్న దళిత ఆడబిడ్డల సంఘాలు ముందు వరుసలో కూసోవాలె. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఐక్యరాజ్య సమితి గుర్తించిన వాళ్లను నగరంలో పర్యావరణ సదస్సు వేదిక మీద ఎన్నిసార్లు చూశాం?

నాలుగు, చట్టం ఇచ్చిన ఆయుధం తీయాలె. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి పంచాయతీలో, ప్రతి మున్సిపాలిటీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలంటుంది. ఊరి చెట్టూ చేమా, చేపా పిట్టా రిజిస్టరులో ఎక్కాలంటుంది. హరిత ట్రిబ్యునల్ 2019లో రాష్ట్రాలకు గడువు పెట్టి, తప్పితే నెలకు 10 లక్షల జరిమానా అన్నది. దాంతో కాగితాల మీద కమిటీలు పుట్టుకొచ్చాయి. మీ ఊరి కమిటీలో ఎవరున్నరో మీకు తెలుసా? పంచాయతీకి పోయి అడగండి. ఆ రిజిస్టరు చూపించమనండి. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది ఇదే చట్టం కింద.  బోర్డు ఒక్కటే కాపాడదు, బోర్డు వెనక మనుషులుండాలె.

ఐదు, పైసలు. ఏ కంపెనీ సామాజిక బాధ్యత నిధి మీదా, ఏ పార్టీ చందా మీదా ఈ వేదిక నిలబడొద్దు. సంఘానికింత, మనిషికింత వేసుకోవాలె. లెక్క ప్రతి ఏడు అందరి ముందూ చదవాలె. చెరువు పూడ్చినోడే పైసలిచ్చి పర్యావరణ దినోత్సవం చేయించే రోజులివి.

కూటమి కట్టంగనే అధ్యక్షుడెవరు, బ్యానర్ మీద ఎవరి బొమ్మ అన్న లొల్లి మొదలవుతుందని మాకు తెలుసు. ఉద్యమాల్లో తిరిగినోళ్లం, ఈ రోగం కొత్తది కాదు. దానికి మందు కూడా చెరువు కాడే ఉంది. గొలుసుకట్టులో ప్రతి చెరువుకు దాని కట్ట, దాని తూము, దాని మైసమ్మ ఉంటాయి. పెద్ద చెరువు చిన్న కుంటను మింగదు. తాను నిండినంక మత్తడి దుంకి కిందికి వదులుతుంది, అంతే. ఏ సంఘం పేరు పోదు, ఏ సంఘం జెండా దిగదు. తన పని తాను చేస్తూ, తన దగ్గర ఎక్కువున్న బలాన్ని కింది సంఘానికి వదిలితే చాలు. వకీలు ఉన్న సంఘం వకీలును, పటం గీసే పిల్లలున్న సంఘం పటాన్ని, జనమున్న ఊరు జనాన్ని.

ఇక ఇది మన రాష్ట్రం, మన సర్కారు అని ఊకుందామా? చెరువులు ఆగమైనయని ఊరూరా చెప్పి కదిలిన గడ్డ ఇది. 2014 తర్వాత పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, శిఖం భూముల మీద కన్ను మాత్రం మారలేదు. 111 జీవో మీద ఒక సర్కారు కత్తి పెడితే, కంచ గచ్చిబౌలి మీద ఇంకో సర్కారు ప్రొక్లెయినర్ తోలింది. పరాయోడు పూడ్చినా మనోడు పూడ్చినా చెరువు చెరువే. అడిగేటోళ్లు తగ్గితే పూడ్చేటోళ్లు పెరుగుతరు.

ఈ వానాకాలం లోపల ప్రతి సంఘం ఒక్క పని చేయాలె. మీ చెరువుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నయో ఆ వాగు వెంట పైకి నడవండి. పైన ఉన్న ఊర్లో ఎవరు కొట్లాడుతున్నరో అడగండి, వాళ్ల గడప తొక్కండి. మీ మత్తడి నీళ్లు ఎటు పోతున్నయో కిందికి నడవండి, అక్కడి వాళ్లను పలకరించండి. పైనోళ్లను ఇద్దరిని, కిందోళ్లను ఇద్దరిని కలుపుకొని కట్ట మీద ఒక కూడలి పెట్టండి. హాలు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. చెరువు పటం నేల మీద ముగ్గుతో గీసుకొని, ఎక్కడెక్కడ తెగిందో గుర్తు పెట్టండి.

తెగిన కాడ మనిషిని నిలబెట్టండి. గొలుసు మళ్లీ కడదాం.